దూడ బరువులో తల్లి పాలు, తండ్రి పాలు



కల్లూరు ప్రాంతపు రైతునకు ఆవు ఈనుట ఇంట నొక శుభకార్యము. కాని కడుపులోని దూడ మితిమీఱి పెరిగినచో ఆ శుభకార్యమే తల్లికి ప్రాణగండమగును. దూడ మరీ చిన్నదైనను లేచి పొదుగు నందుకొనలేదు. కావున దూడ బరువును నిర్ణయించునది ఏమి యను ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదు. అది పశువుల కొట్టములోని ప్రశ్న.

ఒక మందలోని దూడల పుట్టుక బరువులలో కానవచ్చు భేదమునందు నూటికి 30 మొదలు 40 పాళ్ల వఱకు వంశానుగతమని పశుశాస్త్రజ్ఞుల లెక్క. తక్కినది తల్లి వయస్సు, మేత మున్నగువానిపై ఆధారపడును. తొలి ఈత దూడ తేలికగా నుండును. కోడెదూడ పెయ్యదూడకంటె కొంత బరువుగా నుండును.

తండ్రి బీజమును మాత్రమే యిచ్చును. తల్లి బీజముతోపాటు గర్భవాసమును గూడ నిచ్చును. 1938లో ఇంగ్లండునందు వాల్టన్, హామండ్ అనువారు మిక్కిలి పెద్దవగు షైర్ గుఱ్ఱములను, పొట్టివగు షెట్లాండ్ గుఱ్ఱములను కలిపిన ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. రెండు సంకరములందును కలిసినవి ఆ రెండు జాతులే. అయినను పెద్ద గుఱ్ఱము కన్న పిల్ల, చిన్న గుఱ్ఱము కన్న పిల్లకంటె సుమారు మూడింతలు తూగినది.

అట్లని తండ్రి విషయమున అజాగ్రత్త కూడదు. అమెరికాలోని బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తము కలదు. ఐరోపా జాతి ఆవును బ్రాహ్మన్ ఆబోతుతో దాటించినచో దూడలు అధికభారముతో పుట్టును. బ్రాహ్మన్ ఆవును ఐరోపా ఆబోతుతో దాటించినచో తేలికగా పుట్టును. ఒంగోలు సంతతియే బ్రెజిలులో నెలోర్ అను పేర మాంసమునకై పెంచబడుచున్నది. అచ్చట ఆబోతుల నెన్నుకొనునపుడు పుట్టుక బరువును గూడ లెక్కింతురు.

ఇక ఇంటి మాట. పుట్టినపుడు జెర్సీ దూడ సుమారు 25 కిలోలు, హోల్‌స్టీన్ దూడ సుమారు 40 కిలోలు తూగును. అడవి అంచున మేసి పెరిగిన చిన్న నాటు పెయ్యకు హోల్‌స్టీన్ వీర్యమెక్కించుట గండమును కొనితెచ్చుకొనుటయే. తొలి ఈతకు తేలిక దూడల నిచ్చు ఆబోతు మేలు. పెయ్య తగినంత ఎదుగువఱకు ఆగుట అంతకంటె మేలు. దూడ చిన్నదగునని చూడి ఆవును పస్తుంచుట తప్పు. తల్లియు దూడయు నీరసించునే కాని ఈత సులభము కాదు.

ఏ ఆబోతు దూడ ఎంత తూగెనో, ఈత సుఖమో కష్టమో ప్రతి రైతును వ్రాసి యుంచవలెను. 25 ఏండ్లు ఇతరులు వ్రాసిన పుస్తకములను చదివించిన ఈ గ్రంథాలయమున, ఊరి రైతులు వ్రాసిన అట్టి పుస్తక మొకటి చేరినచో మఱుసటి తరమునకు మంచి ఆబోతు నెన్నుకొను దారి తెలియును.