గద్దింపు లేని వైద్యము



అత్యవసర విభాగమున అనుభవజ్ఞుడగు వైద్యుడు రోగి పడక యొద్ద మెలగు తీరును గూర్చి ప్రసంగింపుమని నిర్వాహకులు కోరినప్పుడు, దయ యుండవలెనని చెప్పుటకంటె నేను చెప్పగలిగినదేమున్నదని కొంత సంకోచించితిని. దయ కూడదని వాదించువాడు ఈ సభలో ఒక్కడును లేడు గదా! కాని నల్లగొండ, పాలమూరు సీమల ఆసుపత్రులలో మనమింకను క్యాజువాల్టీ యనియే పిలుచుకొను ఆ గదిని తలచుకొన్నకొలదియు, అచ్చటి దయకు ఒక ప్రత్యేకస్వరూపము కలదనియు, అది చిఱునవ్వునందును మృదుభాషణమునందును గోచరించుటకు ముందే ఒకదానిని మానుకొనుటయందు గోచరించుననియు నాకు తోచినది. మానుకొనవలసినది గద్దింపు.

ఈ సీమలో అర్ధరాత్రివేళ క్యాజువాల్టీ గడప త్రొక్కువారిని ఒక్కమాఱు కన్నులకు కట్టుకొనుడు. మిర్యాలగూడ వైపు వరిమడిలో రక్తపింజర కఱచినదని తెలిసియు ముందు మంత్రగాని యింటికి పోయి, అతడు చేతులెత్తిన పిమ్మట బయలుదేఱిన రైతు. పత్తి దెబ్బతిని, అప్పు పెరిగి, చేనికి తెచ్చిన పురుగుల మందునే త్రాగిన కౌలుదారు. హైదరాబాదు విజయవాడ రహదారిపై హెల్మెట్టు లేక ముగ్గురెక్కిన మోటారుసైకిలు కుఱ్ఱవాండ్రు. కల్తీకల్లుకు శరీరము అలవాటుపడి, అది రెండునాళ్లు దొరకక చేతులు వణకుచు ఫిట్సుతో వచ్చిన కూలి. వీరందఱియందును ఒక సామాన్యలక్షణము కలదు. చూచినవానికి తక్షణమే వీరి తప్పు కనబడును. అందుచేత వీరిని తిట్టుట మిక్కిలి సులభము. తిట్టినవానికి తాను న్యాయమే పలికితినన్న తృప్తియు కలుగును.

"గింత ఆలస్యంగ తెస్తరా? గిప్పటిదాంక ఏం జేసిండ్రు?" అను ప్రశ్న మన ఆసుపత్రులలో ఎన్నిమాఱులు వినబడునో లెక్కింప నెవరి తరము? అడుగువాడు దుర్మార్గుడు కాడు. ముందురోజు ఉదయమునుండి కూర్చుండ నోచుకోని పడుచు వైద్యుడు కావచ్చును. చేయి దాటిన రోగిని చూచి లోలోపల భయపడినవాడును కావచ్చును. భయము కోపముగా వెలువడుట మానవస్వభావము. కాని ఆ ఒక్క ప్రశ్నతో అతడు పోగొట్టుకొనున దేమన, రోగచరిత్ర. గద్దింపబడిన బంధువు ఆ క్షణమునుండి అబద్ధమాడ మొదలిడును. పాము కఱచి ఎంతసేపైనదనగా "గిప్పుడే సారూ" యనును. పసరు త్రాపిన సంగతి చెప్పడు; గాయమును బ్లేడుతో కోసిన సంగతి చెప్పడు; త్రాగిన డబ్బా ఏదని యడిగిన, ఇంటిలో లేదనును.

అనుభవజ్ఞుడు ఇచ్చటనే వేఱుపడును. అతడు నాడి పట్టుకొనియే, కన్నురెప్పలు పరీక్షించుచునే, రోగి అన్నతోనో బావమఱదితోనో "తీసుకొచ్చి మంచిపని చేసిండ్రు నాయినా. ఆ పెద్దాయన ఏమన్న కోసిండా, పసరు తాపిండా, జెర చెప్పు, మందుకు పనికొస్తది" అనును. ఆ మాటలో మంత్రగాని యెడల మన్నన లేదు, నిందయు లేదు. కావలసిన వార్త మాత్రము రెండు నిమిషములలో బయటపడును. కాలికి బిగించి కట్టిన త్రాటిని చూచి అతడు ఛీకొట్టడు. విరుగుడు మందు సిద్ధముగా నుంచుకొనక త్రాటిని ఒక్కపెట్టున విప్పిన, నిలిచియున్న విషము ఒక్కసారిగా పైకెక్కవచ్చునని యెఱిగి నెమ్మదిగా వదలించును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటికిని ఒక్కటే విరుగుడు మన ఆసుపత్రులలో లభించును గాని, అది యెప్పుడు మొదలిడవలెనో తేల్చుకొనుటకు పింజర కాటునందు శుభ్రమైన గాజుగొట్టములో కొంచెము నెత్తురు తీసి ఇరువది నిమిషములు కదలింపక యుంచి, అది గడ్డకట్టినదా లేదా యని చూడవలసియుండును. బంధువుల కన్నులకు ఆ ఇరువది నిమిషములును వైద్యుడు ఏమియు చేయక నిలుచున్నట్లే కనబడును. ఆసుపత్రులలో జరుగు కలహములలో కొన్ని ఇట్టి మౌనములోనుండియే పుట్టినవని నా నమ్మకము. నేను మెచ్చిన పెద్ద లొకరు ఆ గొట్టమును బంధువుల కెదురుగనే బల్లపై నిలిపి, "ఇది గడ్డకడితే ఒక తీరు, కట్టకపోతే ఒక తీరు, అందాంక నేను ఈన్నే ఉంట" అని చెప్పెడివారు. ఆయన చేసిన పనియంతయు అంతియే. ఆ తలుపుదగ్గఱ తోపులాట నేనెన్నడును చూడలేదు.

కట్లపాము సంగతి మఱింత విచిత్రమైనది. నేలపై చాపవేసికొని పండుకొన్నవానిని అది నిద్దురలో కఱచును. నొప్పి యుండదు, గాటు కనబడకపోవచ్చును. తెల్లవాఱుజామున కడుపునొప్పి యనియు, గొంతు పట్టినదనియు లేచును. పిదప రెప్పలు వాలును, మాట తడబడును, తుదకు ఊపిరి తీయు కండరములే పనిచేయుట మానును. అమ్రాబాదు, అచ్చంపేట, దేవరకొండ తండాలనుండి ఇట్టివారు వచ్చినప్పుడు, ఏ అపచారమో జరిగినదని బంధువు లనుకొనుటలో వింత యేమున్నది? ఇట్టి రోగిని కృత్రిమశ్వాసపై నుంచినప్పుడు అతని కన్నులు తెఱవబడవు, వేలు కదలదు, టార్చిలైటు వేసినను కనుపాప చలింపకపోవచ్చును. చూచువాడు ప్రాణము పోయిన దనుకొనును. కాని ఆ మనుష్యుడు వినుచునే యుండును! మెదడు మేలుకొనియే యున్నది. నరములకును కండరములకును నడుమ సంధానము మాత్రమే తెగినది. దినములపాటు శ్వాస నిలిపినచో ఇట్టివారు లేచి కూర్చుండి, తమ పడకకడ ఎవరేమనినదియు చెప్పిన సందర్భములు వైద్యగ్రంథములలోనే కలవు. కావున అనుభవశాలి ఆ పడకదగ్గఱ "ఇక లాభం లేదు" అను మాటను ఎవ్వరిచేతను అననీయడు. సూది పొడుచుటకు ముందు పేరు పెట్టి పిలిచి, "మల్లయ్యా, చెయ్యికి సూది ఇస్తున్న, నీకు వినబడుతుందని నాకెరుకే, రెండుమూడు దినాలల్ల కండ్లు తెరుస్తవు" అని, బదులు రాని ఆ ముఖముతో ముచ్చటించును. క్రొత్తగా చేరిన నర్సు చూచి నవ్వుకొనవచ్చును. నా యెఱుకలో ఇంతకంటె నిక్కమైన కరుణ లేదు. ఇది భావావేశము గాదు, శరీరధర్మము నెఱిగినవాని జాగరూకత.

ఇక పురుగుల మందు. ఈ విషయమున నేను కొంచెము సేపు నిలువక తప్పదు. త్రాగినవాని వెంట వచ్చినవారు డబ్బాను దాచుదురు, "కేసయితదా సారూ?" అని గుసగుసలాడుదురు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2017లో వచ్చి, 2018 నుండి అమలులో నున్నది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లే భావింపవలెననియు, అందుకై వానిని శిక్షింపరాదనియు దాని 115వ సెక్షను చెప్పుచున్నది. పోలీసులకు తెలుపు కాగితము మాత్రము వ్రాయకతప్పదు. ఈ రెండును కలిపి నాలుగు వాక్యములలో విడమఱచి చెప్పగల వైద్యునికి డబ్బా దొరకును. డబ్బా దొరకుట చిన్న సంగతి కాదు. ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందైనచో అట్రోపిను ప్రాణము నిలుపును, పారాక్వాట్ అను గడ్డిమందైనచో దానికి విరుగుడే లేదు.

కొందఱు కడుపు కడుగు గొట్టమును వైద్యముగా గాక దండనముగా వాడుదురు. "మళ్ల తాగవు గదా" యనుచు గొట్టము దింపుటను చూచినవారు మనలో లేకపోలేరు. వేళ దాటిన పిమ్మట దానివలన ప్రయోజనము స్వల్పము, ఊపిరితిత్తులలోనికి ద్రవము పోవు ప్రమాదము అధికము. తెలిసియు చేయుట వైద్యుని కోపమునకు వైద్యవేషము వేయుటయే యగును. అట్రోపిను ఎక్కించునప్పుడు రోగి గాలిలో దేనినో ఏఱుకొనుచు, గొట్టములు లాగికొనుచు, పొంతనలేని మాటలాడును. ఈ సంగతి ముందుగా చెప్పనియెడల భార్యకు గుండె పగులును. "ఈ మందు పనిచేస్తుంటే కొంత ఎచ్చుతగ్గులు మాట్లాడతడు తల్లీ, తగ్గిస్తే తగ్గుతది, పిచ్చి కాదు" అని ఒక్కమాట ముందే యన్నచో ఆమె పడకదగ్గఱ చేయి పట్టుకొని కూర్చుండును.

గడ్డిమందు త్రాగినవాని పరిస్థితి హృదయవిదారకము. వాడు స్పృహలో నుండును, మాటలాడును, తొలిదినముననే పశ్చాత్తాపపడును. "సార్, బతకాలె" అనును. పిదప నోరు పుండ్లుపడును, మూత్రపిండములు చెడును, దినములు గడచినకొలది ఊపిరితిత్తులు గట్టిపడును. ఈ విషమునకు ప్రాణవాయువే ఇంధనము. అందుచేత ఆయాసము మితిమీఱువఱకు ఆక్సిజను పెట్టరాదు. కొడుకు రొప్పుచుండగా తండ్రి వచ్చి "అందరికి పెట్టిండ్రు, నా కొడుకుకు గా గాలి పెట్టరా? పైసల్లేవనా?" అని యడిగినప్పుడు ఏమి చెప్పవలెను? వైద్యునికి ఇంతకంటె కఠినమైన పరీక్ష నే నెఱుగను. విసుగుకొని "నీకేం తెలుసు" అనుట ఒక మార్గము; పోరు పడలేక హానియని తెలిసియు ఆక్సిజను పెట్టుట మఱియొక మార్గము. అనుభవజ్ఞుడు రెండింటిని విడిచి, ఆ తండ్రిని ప్రక్కకు పిలిచి కూర్చుండబెట్టి, తానును కూర్చుండి, ఆ గాలి ఈ విషమును ఎట్లు పెంచునో పల్లెమాటలలో చెప్పి, బ్రదుకు తక్కువయని కూడ దాచక చెప్పును. లోపలికి వచ్చి కుఱ్ఱవానితో మాత్రము నయమగునని అబద్ధమాడడు, చత్తువని పలుకడు. "నొప్పి తెలువకుండ చూసుకుంట, దినాం వస్త" అనును, అట్లే వచ్చును.

చరకసంహిత సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయమున వైద్యుని వర్తనము నాలుగు విధములుగా చెప్పబడినది: సర్వులయందు మైత్రి, ఆర్తులయందు కారుణ్యము, సాధ్యరోగులయందు ప్రీతి, మరణోన్ముఖులయందు ఉపేక్ష. మొదటి మూడింటికి శిరసు వంచెదను గాని, నాలుగవదానియందు ఆ మహర్షితో నాకు చిన్న తగవు కలదు. సాధ్యము గాని రోగమును చేపట్టి కీర్తి పోగొట్టుకొనకుమను లోకజ్ఞత ఆనాటి సంచారవైద్యునికి తగియుండవచ్చును; క్యాజువాల్టీ వైద్యునికి రోగిని ఎన్నుకొను స్వేచ్ఛ లేదు. పరమానంద కటారా వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము 1989లోనే, పోలీసు లాంఛనములకై వేచియుండక గాయపడినవానిని కాపాడుట ప్రతి వైద్యుని విధియని తీర్పు చెప్పియుండెను. చికిత్సను ఉపేక్షింపవచ్చునేమో గాని, రోగిని ఉపేక్షింపరాదు.

ఇట్లు నడచుకొనుటకు తీరిక లేదందురు. నిజమే. కాని 1984లో బెక్మన్, ఫ్రాంకెల్ అను ఇరువురు పరిశోధకులు అమెరికాలో, అత్యవసర విభాగము కాని సామాన్య వైద్యుల గదులలోనే పరిశీలించి, రోగి తన బాధ చెప్పుకొన మొదలిడిన సగటున 18 సెకండ్లకే వైద్యుడు అడ్డుతగులుచున్నాడని తేల్చిరి. కావున లోపము గడియారమున మాత్రమే లేదు.

"పట్నం తీసుకపోండి" అను మాటను గూర్చియు ఒకింత చెప్పవలెను. మహబూబ్‌నగరమున ప్రభుత్వ వైద్యకళాశాల 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను వెలసినవి. అంతకు పూర్వము చేయిదాటిన రోగికి ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులే దిక్కు. 108 బండి 2005 ఆగస్టు 15న మొదలైనది. అది లేని దినములలో జీపులలో, ట్రాక్టర్లలో పోయిరి. నేడును కొందఱిని పంపకతప్పదు. పంపుటయందును రెండు తీరులు కలవు. చీటీ వ్రాసి చేతిలో పెట్టి వదలించుకొనుట యొకటి. మొదటి మోతాదు విరుగుడు ఎక్కించి, ఊపిరి నిలిచిపోవు భయమున్నచో ముందే గొట్టము వేసి, అవతలి వైద్యునికి ఫోను చేసి, ఇచ్చిన మందులును వేళలును స్పష్టముగా వ్రాసి, "ఆడ ఫలానా బిల్డింగుకు పోండి, వాళ్లకు చెప్పిన" అని బండిదాక వచ్చుట రెండవది. పాలమూరు కూలికి పట్నపు ఆసుపత్రియే ఒక అరణ్యము. దారి చెప్పుటయు అచ్చట చికిత్సలో భాగమే.

పెద్దలు చూపిన ఈ నడవడి పడుచు వైద్యులకు పుస్తకమువలన రాదు. ప్రక్కన నిలిచి చూడవలెను. పెద్దలు రాత్రి డ్యూటీలు పడుచువారికే వదలివేసి ఇంటికి పోవుచున్న ఆసుపత్రిలో వారెవ్వరిని చూచి నేర్చుకొందురు? ఈ సభలోనున్న ఆచార్యులు వారమునకొక రాత్రియైన క్యాజువాల్టీలో నిలువవలెనని నా మొదటి విన్నపము. రెండవది ఇచ్చటికి వచ్చిన అధికారులకు: మన రెండు సీమల ఆసుపత్రులలో ఎక్కడ చూచినను మరణవార్తను నడవలో, స్ట్రెచర్ల నడుమ, నిలుచుండియే చెప్పుచున్నాము. క్యాజువాల్టీని ఆనుకొని తలుపు వేసికొనగల చిన్న గది యొకటి, అందు నాలుగు కుర్చీలు, కుండెడు మంచినీళ్లు, తండాలనుండి వచ్చిన తల్లులతో లంబాడీలో మాటలాడగల ఆయా యొకతె. దీనికి పెద్ద నిధులు అక్కఱలేదు, వచ్చే బడ్జెటు వఱకు వేచియుండనక్కఱయు లేదు. ఈ మాసముననే ఏర్పాటు చేయుడని సభాముఖమున మిమ్ము ప్రార్థించుచున్నాను.