ఆరో అంతస్తు కిటికీ

న్యాయశాస్త్ర పట్టా అందుకోబోతున్న పిల్లలూ, మీకు విలియం ఓ'డ్వయర్ గురించి చెప్పాలనుంది.

1890లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో, బొహోలా అనే పల్లెలో పుట్టాడు. పదకొండు మంది సంతానంలో పెద్దవాడు. చర్చి ఫాదర్ కావాలని స్పెయిన్‌లోని సలమాంకాకు చదువుకు వెళ్ళాడు గానీ అందులో మనసు నిలవలేదు. 1910లో న్యూయార్క్‌లో దిగాడు. స్టీమర్ల కొలిమిలో బొగ్గు వేశాడు, కట్టే భవనాల దగ్గర కూలి చేశాడు, హోటల్ బార్‌లో పనిచేశాడు. 1917లో పోలీసయ్యాడు. ఆ కొలువు చేస్తూనే రాత్రిళ్ళు ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో లా చదివి, 1923లో పట్టా తీసుకున్నాడు. పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం క్లాసులో కూర్చున్నవాళ్ళు మీలోనూ ఉంటారు. ఆ కళ్ళమంట ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

1940లో బ్రూక్లిన్ జిల్లా అటార్నీగా, డబ్బుకు ప్రాణాలు తీసే ముఠాను కోర్టుకీడ్చాడు. ఏబ్ రెలెస్ అనే హంతకుడు అప్రూవర్‌గా మారాడు. అతని సాక్ష్యంతో కొందరికి మరణశిక్ష పడింది. 1941 నవంబరు 12న తెల్లవారుజామున, పోలీసు కాపలాలో ఉన్న ఆ రెలెస్ కోనీ ఐలండ్‌లోని హోటల్ ఆరో అంతస్తు కిటికీలోంచి కిందపడి చనిపోయాడు. ముడివేసిన దుప్పట్లు దొరికాయి. ముఠా పెద్దల్లో ఒకడైన ఆల్బర్ట్ అనస్టాసియా మీద మాత్రం ఓ'డ్వయర్ కేసు నడపనేలేదు.

1946లో ఆయన న్యూయార్క్ మేయరయ్యాడు. ఐక్యరాజ్యసమితి ఆ నగరానికి వచ్చింది ఆయన హయాంలోనే. రెండోసారి గెలిచిన మరుసటి ఏడాదే, 1950లో, పోలీసుల లంచాల వ్యవహారం బయటపడుతుండగా రాజీనామా చేసి మెక్సికోకు రాయబారిగా వెళ్ళాడు. 1951లో సెనేట్ కమిటీ ఆయన్ని పిలిచి ఆ పాత అనస్టాసియా కేసునే తవ్వింది. సాక్షి రెలెస్ పోయాక కేసు నిలవదన్నది ఆయన వాదన.

ఆయన్ని దోషి అనను, ఏ కోర్టూ అనలేదు. బొగ్గు పార పట్టిన ఆ చేతులకు నేను మనసారా దండం పెడతాను. కానీ వకీలుగా ఆ కేసు కాగితాలు చదివినప్పుడల్లా నా మనసు కలత పడుతుంది. రెలెస్ బతికున్న నెలల్లో ఛార్జిషీటు ఎందుకు పడలేదు? సాక్షి పోయాడన్న మాట నిజమే కావచ్చు, అది ఆ నెలలకు మాత్రం జవాబు కాదు. ఈ ఉదయం మిమ్మల్ని మెచ్చుకోవడానికి వచ్చినా, ఆ ప్రశ్నను ఇంట్లో వదిలి రాలేకపోయాను.

ఇక మీ పేర్లు పిలుస్తారు. రండి.