ముఠా మేస్త్రి అడిగిన మాట



యాజమాన్యాల తరఫున వచ్చినవారు, సంఘాల నాయకులు, కార్మిక శాఖలో నాతో పనిచేసిన మిత్రులు ఇలా పక్కపక్కన కూర్చోవడం చూస్తే మనసు నిండుతోంది. ప్రభుత్వం, యాజమాన్యం, సంఘం ఈ మూడింటి సహకారం రేపు ఎలా ఉండబోతోందో చెప్పమన్నారు. నా సర్వీసులోని ఒక రాత్రితో మొదలుపెడతాను.

ఒక జూట్ మిల్లు. వేతన ఒప్పందం గడువు తీరిపోయింది, ఇరవై మూడు రోజులుగా సమ్మె. మధ్యాహ్నం మూడింటికి కూర్చున్నాం. మేనేజ్‌మెంటు ఒక గదిలో, యూనియన్ వాళ్లు ఇంకో గదిలో. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తూ ఉంటే రాత్రి పదకొండైంది. డీఏ దగ్గర వాళ్లొక మెట్టు దిగారు, బకాయిల దగ్గర వీళ్లొక మెట్టు దిగారు. సెక్షన్ పన్నెండు–మూడు కింద ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ సెక్షన్ ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం పోయి కొత్త కోడ్ వచ్చినా, ఆ అంకె కార్మికుల నోట ఇంకా ఉంది.

గేటు దగ్గర కాపీ అంటించగానే లోడింగ్ ముఠా మేస్త్రి వచ్చాడు. భుజాన తువ్వాలు, నడుముకి దోపిన ఇనుప కొక్కెం. స్కూలుకెళ్లే కొడుకు చేత బల్బు వెలుగులో కాపీ మొత్తం చదివించుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఈ ఇరవై మూడు రోజులూ మేమూ పస్తులున్నామండీ. ఇందులో మా ఊసే లేదేంటండీ?" అన్నాడు.

"మేస్త్రీ, మీరు కాంట్రాక్టరు కింద కదా" అన్నాను. కాంట్రాక్టరేమో, ముఠా నా మనుషులు కాదు, బస్తాకింతని ఇస్తానంతే అనేవాడు. నేను చెప్పింది చట్టప్రకారం తప్పు కాదు. అయినా ఆ జవాబు ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు.

ముగ్గురూ కూర్చుని రాసుకున్నదానికి ఎంత ఆయుష్షు ఉంటుందో తెలుసు కాబట్టే ఈ బాధ. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టినప్పుడే ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి దేశం నుంచి ప్రభుత్వ ప్రతినిధులు ఇద్దరు, యజమానుల ప్రతినిధి ఒకరు, కార్మికుల ప్రతినిధి ఒకరు, ఎవరి ఓటు వారిదే. మన దగ్గర 1942లో అంబేద్కర్ కార్మిక శాఖ చూస్తున్నప్పుడు త్రైపాక్షిక సమావేశాలు ఒక రూపానికి వచ్చాయి. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం కనీస వేతనాన్ని ఎలా లెక్కకట్టిందో చూడండి. సంపాదించే మనిషి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం, యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, వంటచెరకూ దీపమూ వగైరాలకు మొత్తం కూలిలో 20 శాతం. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్ల కోసం ఇంకో 25 శాతం చేర్చింది. వేతన కోడ్ కింద 2020లో కేంద్రం రాసిన ముసాయిదా నిబంధనలు తీసి చూస్తే అవే 2,700 కేలరీలు కనిపించాయి. గజాలు మీటర్లై 66 అయ్యాయి, అంతే తేడా. అరవై ఏళ్లు దాటినా ఎవరూ ఆ లెక్కను కొట్టిపారేయలేకపోయారు. ముగ్గురూ ఒప్పుకుని రాసిన లెక్క కాబట్టి అది నిలిచిందని నా నమ్మకం.

ఇలా కూర్చుని ఒప్పుకోవడాన్నే నమ్మిన మనిషి వి.వి.గిరి గారు. బరంపురంలో పుట్టి, రైల్వే కార్మికుల మధ్య ఎదిగినవారు. తగాదాను ట్రిబ్యునల్‌కు తోసేయకుండా ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవాలన్న పట్టు ఆయనది. అలాంటి ఆయనే, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో, కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు.

ఆ భారత కార్మిక సమావేశం చివరిసారి జరిగింది 2015 జూలైలో. అది 46వది. తర్వాత 29 చట్టాలు కలిసి నాలుగు కోడ్‌లయ్యాయి, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. వాటిలో మంచి లేదనను. "ఏ యూనియన్‌తో మాట్లాడాలి?" అని యాజమాన్యాలు తప్పించుకునే చోట, 51 శాతం మద్దతున్న సంఘమే చర్చల సంఘం అని తేల్చారు. గిగ్ కార్మికుడనే మాట మొదటిసారి చట్టంలోకి వచ్చింది. కానీ లేఆఫ్‌కు అనుమతి అడగాల్సిన హద్దు 100 మంది నుంచి 300కు పెరిగింది, సమ్మెకు అన్నిచోట్లా 14 రోజుల నోటీసు వచ్చింది. ఇంత పెద్ద మార్పుకు ముందు ఆ సమావేశం పిలవకపోవడం తప్పు. ఇక్కడున్న ప్రభుత్వ పెద్దలకు చేతులు జోడించి చెబుతున్నాను, 47వ సమావేశం పిలవండి.

పిలిచినా, పాత కుర్చీలే వేస్తే మేస్త్రికి చోటుండదు. దారి లేకపోలేదు. మహారాష్ట్రలో 1969లోనే మాథాడీ హమాలీలకు చట్టం తెచ్చారు. బోర్డులో యజమానులూ కార్మికులూ సమానం, పక్కన ప్రభుత్వం. బరువు మోయించుకున్న వ్యాపారి కూలితో పాటు లెవీ కూడా బోర్డుకు కడతాడు. అందులోంచి పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవు జీతం వస్తాయి. యజమాని రోజుకొకరు మారినా కార్మికుడి ఖాతా ఒకటే. నకిలీ సంఘాలు, బెదిరింపు వసూళ్లు అన్న ఫిర్యాదులు అక్కడా ఉన్నాయి, వాటిని దాచక్కర్లేదు. రోగాన్ని నయం చేసుకోవాలి కానీ బోర్డునే వద్దనకూడదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో యాప్ కార్మికులకు చేసిన చట్టాలదీ ఇదే బాట. బోర్డు, దానిలో కంపెనీలూ కార్మికులూ, లావాదేవీ మీద సంక్షేమ రుసుము.

ఆ మేస్త్రి ఇప్పుడు లేడు. బల్బు కింద కాపీ చదివిన కొడుకు బైకు మీద పార్సిళ్లు అందిస్తున్నాడు. మొన్న నాకు ఫోన్ చూపించాడు. కిలోమీటరుకు రేటు మారినప్పుడల్లా తెర మీద ఒక కొత్త ఒప్పందం వస్తుంది, కింద "అంగీకరిస్తున్నాను" అనే బటన్. నొక్కితేనే ఆ రోజు ఆర్డర్లు. "మార్చేదెవరో తెలీదు సార్, ఎవర్నడగాలి?" అన్నాడు.

ఈ సభకు రమ్మన్నాను. అదిగో, చివరి వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు ప్రశ్నల సమయం కాబట్టి, అధ్యక్షులవారూ, మొదట అతనికి మైకు ఇప్పించండి.