కేస్ షీటులోకి ఎక్కని వేడి



నర్సింగ్ విద్యార్థినులకు పర్యావరణం గురించి ఏం తెలుసు, వాతావరణ మార్పు అంటే వాళ్లకెంత భయం అన్న విషయం మీద మాట్లాడమన్నారు. గత రెండు వేసవుల్లో తెలంగాణలోని ఒక నర్సింగ్ కాలేజీ హాస్టల్లో రెండో సంవత్సరం అమ్మాయిలతో కూర్చుని మాట్లాడాను. ప్రశ్నపత్రం పట్టుకునే వెళ్లాను. మొదటి రోజే దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. భూతాపానికి కారణమయ్యే వాయువుల పేర్లు చెప్పమంటే తడబడిన అమ్మాయి, కరువు పనికి పోయిన తన తల్లికి మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయనీ, రోజంతా మూత్రం రాదనీ, ఏళ్ల తరబడి ఇలా అయితే కిడ్నీలు పాడవుతాయనీ గడగడా చెప్పింది. నా ప్రశ్నపత్రం ప్రకారం ఆమెకు వచ్చిన మార్కులు సున్నా.

ఇక భయం సంగతి. 2021లో మన దేశంతో సహా పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న పదివేల మందిని అడిగితే, 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి తీవ్రంగా కలత చెందుతున్నామన్నారు. ఆ దిగులు రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందని 45 శాతానికి పైగా చెప్పారు. ఈ అంకెల్ని కాదనను. కానీ వీటిని చూపించి దీన్నొక జబ్బుగా, కౌన్సెలింగుతో నయం చేయాల్సిన బలహీనతగా మార్చేస్తున్నారు. ఆడవాళ్ల భయానికి హిస్టీరియా అని పేరు పెట్టిన వైద్యశాస్త్రం గురించి ఈ సభలో కొత్తగా చెప్పక్కర్లేదు.

నాతో మాట్లాడిన ఒకమ్మాయి ఇలా అంది: "మేలో క్యాజువాలిటీ డ్యూటీ పడితే ఐసు దొరకది మేడమ్. ఏం చెయ్యాల్నో నాకు తెలుసు. చేసేటందుకే ఏం ఉండది." ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి, మతి తప్పిన మనిషిని నిమిషాల్లో చల్లబరచాలని, దానికి జ్వరం బిళ్ల పనిచేయదని ఆమెకు తెలుసు. తెలియక పుట్టిన భయం కాదిది. తెలిసీ చేతిలో అధికారం లేక పుట్టింది. ఆందోళన అనే మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి కదా, ఈ అమ్మాయిలకి మనం మొదటిదే మిగిల్చాం.

2015 వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాల వాళ్లే. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సహాయాన్ని 4 లక్షలకు పెంచింది. మంచిదే. అయితే అది వడదెబ్బ మరణమేనని ముందు తేలాలి. వడ అంటేనే వేడిగాలి, అది తగలాలంటే బయట తిరగాలి అనుకుంటారు. రేకుల ఇంట్లో, పొయ్యి ముందు, రాత్రికి కూడా చల్లబడని గదిలో కుప్పకూలిన ఆడమనిషి సంగతేమిటి? ఆమెకు బీపీ ఉంది, గుండె ఆగింది అంటారు. అంతటితో సరి.

అలాంటి ఒక పెద్దావిడను తెచ్చినప్పుడు ఈ విద్యార్థినే థర్మామీటర్ పెట్టింది. 106 ఉంది. కేస్ షీటులో రాయబోతే, స్టూడెంట్లు రాయకూడదని పైవాళ్లు ఆపారట. తర్వాత వాళ్లూ రాయలేదు. కాగితం మీద గుండెపోటు. ఆ కుటుంబానికి పైసా రాలేదు. ఈ అమ్మాయికి నిద్రపట్టనిది మంచు ఖండాలు కరిగిపోతున్నాయని కాదు.

ప్రతి మే 12న, సరిగ్గా మన నడి ఎండల్లో, నర్సుల దినోత్సవం జరిపి నైటింగేల్ దీపం గురించి ఉపన్యాసాలిస్తారు. (ఆ రోజు కూడా పాలిస్టర్ యూనిఫామే.) ఆమె 1859 నాటి పుస్తకంలో రోగికి గాలి, వెలుతురు, మంచినీళ్లు ముఖ్యమంది. సైనికుల మరణాలు లెక్కగట్టి, బొమ్మలు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. మన దేశపు కరువుల గురించీ, నీటిపారుదల గురించీ రాసింది. లెక్కలు రాసిన ఆ నర్సు గురించి ఈ అమ్మాయిలకు ఎవరూ చెప్పలేదు.

మన సంఘాల ముందు నేను పెట్టేది పెద్ద కోరికేం కాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా క్యాజువాలిటీకి వచ్చిన ప్రతి రోగి ఒంటి వేడి, ఎక్కడ పడిపోయిందన్న వివరం తప్పనిసరిగా రాయాలని, విద్యార్థిని రాసినా దాన్ని చెల్లుబాటు చేయాలని జిల్లా వైద్యాధికారులను అడుగుదాం. ఐసు గురించి కూడా. వచ్చే వేసవిలోపు నాతో రాగలిగినవాళ్లు పేర్లివ్వండి.