జరిమానా ఎవరికి, లాభం ఎవరికి?

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి ఫోన్‌లోనూ, గిద్దలూరు బస్టాండులో టీ కొట్టాయన ఫోన్‌లోనూ వాట్సాప్ ఉంటుంది. 2021లో ఆ కంపెనీ, మన వివరాలు తన యజమాని సంస్థ మెటాతో పంచుకోవడానికి ఒప్పుకోండి, లేదా మానుకోండి అన్న ధోరణిలో కొత్త షరతులు పెట్టింది. అందుకు 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ మెటాకు 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఏడాది తర్వాత అప్పీలు ట్రిబ్యునల్ కూడా ఆ జరిమానాను ఖాయం చేసింది.

అయితే అది వ్యాపార పోటీ చట్టం కింద పడ్డ జరిమానా. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లోనే వచ్చినా, నిబంధనలు వెలువడింది 2025 నవంబరులో. కంపెనీలపై అసలు బాధ్యతలు మొదలయ్యేది 2027 మేలో. ఇంత తీరిక మామూలు మనిషికి ఎవరిస్తారు?

ఆ చట్టంలో గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. ఇలాంటి చట్టం కిందే ఐర్లండ్ 2023లో మెటాకు వేసింది 120 కోట్ల యూరోలు! పైగా మన దగ్గర ఆ సొమ్ము ఖజానాకే పోతుంది, నష్టపోయినవాడికి పైసా రాదు. తప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం మనకే పదివేల దాకా పడుతుంది.

ఒక్క మేలుంది. మన సమ్మతి కోరే నోటీసును తెలుగులో చూపమని అడగొచ్చు. ఆ హక్కు అమల్లోకి వచ్చాక తప్పకుండా అడగండి, చదివాకే నొక్కండి.