తిరిగి వచ్చే బిడ్డల కథలు



డెబ్బది అయిదేండ్ల పండుగ నాడు వ్యసనం మాట ఎత్తడం కొందరికి అశుభంగా తోచవచ్చు. కాని మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులైన వారి పేర్లు వ్రాసిన పలక ఒక్కటే బడి కాదు. దారి తప్పి, చికిత్స పొంది, తిరిగి వచ్చి చివరి బెంచీలో తల వంచుకొని కూర్చున్న బిడ్డకు కూడా అది బడియే. ఆ బిడ్డకూ, అతని ప్రక్కన కూర్చునే తోటివారికీ కథా సాహిత్యం ఏమి మేలు చేయగలదన్నదే ఈ ప్రసంగ విషయం.

తెలుగువారికి వ్యసనం అనగానే మొదట గుర్తుకు వచ్చే కథ దేవదాసుది. శరత్‌బాబు వంగభాషలో వ్రాసిన ఆ నవల 1917లో అచ్చయింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించగా తెలుగులోను తమిళంలోను చలనచిత్రంగా వచ్చింది. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే తళవాయిపురం వంటి ఊళ్ళలో రెండు భాషలవారూ ఆ కథకు కంట తడిపెట్టారు. కళాఖండంగా దానికి వంక పెట్టవలసిన పని లేదు. అయితే పదిహేనేండ్ల బాలుడు దానినుండి ఏమి నేర్చుకుంటాడు? దుఃఖం కలిగినవాడు తాగడం సహజమని, తాగినవాడికి చావు తప్ప వేరు దారి లేదని. మొదటిది అబద్ధం. రెండవది అంతకంటె పెద్ద అబద్ధం. గడ్డం పెరిగిన కుర్రవానిని "ఏమిరా దేవదాసూ!" అని వేళాకోళం చేసేటప్పుడు ఈ రెండు అబద్ధాలూ మన నోటనే మళ్ళీ పలుకుతున్నాయి.

దిద్దుకొనే కథలు తెలుగులో లేకపోలేదు. గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో వెలువడింది. వేశ్యల పాటకచేరీలకు మరిగి రాత్రులు ఆలస్యంగా ఇల్లు చేరే గోపాలరావును భార్య కమలిని కేకలు వేసి మార్చలేదు. ఉత్తరం వ్రాసిపెట్టి, మంచం క్రింద దాగి, అతని తప్పు అతనికే తెలిసేలా చేసింది. అవమానపరచకుండా దిద్దవచ్చునన్న పాఠం అందులో ఉన్నది. కాని గోపాలరావుది చెడు అలవాటు. ఒక్క రాత్రిలో కన్ను తెరిచాడు. మత్తు పదార్థానికి దేహమే లొంగిన తరువాత ఒక్క రాత్రి చాలదు. కాళ్ళకూరి నారాయణరావు మద్యపానంపై 'మధుసేవ' నాటకం వ్రాశారు. అదీ పెద్దల లోకమే. పదునాలుగు, పదునారేండ్ల పిల్లవాడు మత్తులో పడి, లేచి, మరల తడబడి, మరల నిలదొక్కుకొనే కథలు మన భాషలో అరుదు.

కథకు అంత శక్తి ఉన్నదా అని సందేహించేవారికి నెల్లూరు జిల్లా సమాధానం చెబుతుంది. 1990ల ఆరంభంలో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. కొత్తగా చదువు నేర్చిన స్త్రీల వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. సారా వలన పల్లెటూరి ఇల్లాలు పడే బాధ అందులోని విషయం. చదివిన స్త్రీలకు అది తమ కథగానే తోచింది. దూబగుంట గ్రామంలో స్త్రీలు కూడి సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతటా, రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. చట్టం వచ్చి పోయింది. కాని అక్షరం నేర్చిన స్త్రీ, పుస్తకంలో తన ముఖం చూచుకొని లేచి నిలబడిన సంగతి చెరగలేదు.

తమిళనాటి అనుభవమూ ఇట్టిదే. తిరుచెంగోడు గాంధీ ఆశ్రమం నుండి 1929లో రాజాజీ మద్యపానానికి వ్యతిరేకంగా 'విమోచనం' అనే పత్రిక నడిపారు. రచయిత కల్కి అందులో పనిచేశారు. 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలైంది, 1948లో మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. మరుసటి సంవత్సరం ముఖ్యమంత్రి పదవి చేపట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా మన పొరుగున ఉన్న రాజపాళయం వారే, తెలుగు ఇంట పుట్టినవారే. 1971లో ఆ నిషేధం తొలగింది. ప్రభుత్వాలు తలుపు మూస్తాయి, తెరుస్తాయి. తలుపు తెరిచి ఉన్నప్పుడు కూడా లోపలికి పోకుండా నిలిచే బలాన్ని బిడ్డకు ఇవ్వవలసినది ఇల్లు, బడి, పుస్తకం.

ఈ విషయమై పాశ్చాత్య దేశాలలో యువజనులకోసం ప్రత్యేకంగా నవలలు వచ్చాయి. వాటిలో రెండింటిని పోల్చి చూడడం మనకు ఉపకరిస్తుంది. 1971లో అమెరికాలో 'గో ఆస్క్ ఆలిస్' అనే పుస్తకం, మాదకద్రవ్యాలకు లోనైన ఒక బాలిక నిజమైన దినచర్య అన్న పేరుతో, రచయిత పేరు లేకుండా వచ్చింది. చివర ఆ బాలిక మరణిస్తుంది. ఆ పుస్తకం వెనుక ఉన్నది బియాట్రిస్ స్పార్క్స్ అనే పెద్దావిడ కలమని తరువాత వెల్లడైంది. భయపెట్టడానికి కల్పనను నిజమని చెప్పితే, ఆ సంగతి తెలిసిన నాడు పిల్లలు మన నిజమైన మాటను కూడా నమ్మరు.

1973లో నల్లజాతి రచయిత్రి ఆలిస్ చిల్డ్రెస్ వ్రాసిన 'ఎ హీరో ఈన్ట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్' వేరు రకమైనది. పదమూడేండ్ల బెంజీ హెరాయిన్‌కు అలవాటు పడతాడు. ఆ కథను బెంజీ ఒక్కడే చెప్పడు. తల్లి, అవ్వ, మారుతండ్రి, ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయుడు, స్నేహితుడు, చివరకు మత్తు అమ్మేవాడు కూడా తమ తమ మాటలలో చెబుతారు. ఒక్క బిడ్డ పడిపోవడంలో ఎందరి పాలు ఉన్నదో, లేవడానికి ఎందరి చేతులు కావాలో అందులో తెలుస్తుంది. ముగింపులో మారుతండ్రి చికిత్సాకేంద్రం బయట నిలబడి బెంజీ కోసం ఎదురుచూస్తుంటాడు. బెంజీ వస్తాడో రాడో రచయిత్రి చెప్పలేదు. ఎదురుచూసే మనిషి ఒకడున్నాడని మాత్రం చెప్పింది.

ఈ రెండు పుస్తకాలనూ న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలండ్ ట్రీస్ పాఠశాలల పాలకమండలి 1976లో మరికొన్నింటితోపాటు గ్రంథాలయం నుండి తీసివేయించింది. విద్యార్థులే న్యాయస్థానానికి వెళ్ళారు. అందులోని భావాలు నచ్చనంత మాత్రాన పాఠశాల గ్రంథాలయం నుండి పుస్తకాలు తొలగించరాదన్న అభిప్రాయం 1982లో అమెరికా సుప్రీంకోర్టు నుండి వెలువడింది. పిల్లలు చెడిపోతారని పుస్తకాన్ని బీరువాలో దాచే పెద్దలకు ఇది ఆలోచింపదగిన విషయం. పుస్తకం దాచినంత మాత్రాన వీధి దాగదు.

మంచి కథకు గుర్తులేమిటి? మత్తును వేడుకగా చూపదు. దానిని ఎలా వాడాలో నేర్పదు. తెచ్చుకొన్న బాధను దాచదు. మానిన తరువాత మరల తడబడడం కోలుకొనే దారిలో తరచుగా జరిగేదేనని చెబుతుంది. వైద్యులు వ్యసనాన్ని దుర్బుద్ధిగా కాక చికిత్స అవసరమైన వ్యాధిగా చూస్తారు. నిగ్రహానికి, ముందుచూపునకు ఆధారమైన మెదడు భాగం ఇరువది దాటినా ఇంకా పక్వమవుతూనే ఉంటుంది. కావున పిన్న వయసులో పట్టిన అలవాటు బలంగా పట్టుకుంటుంది. మద్యవ్యసనం వలన భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సాసంస్థను స్థాపించారు. అక్కడ రోగితోపాటు కుటుంబానికీ శిక్షణ ఇవ్వడం ఒక ముఖ్య పద్ధతి. మంచి కథ చేసే పని కూడా అదే. చదివే బిడ్డతోపాటు ఇంటిల్లిపాదికీ అది శిక్షణ ఇస్తుంది.

ఇక మన కర్తవ్యం. విద్యాసంస్థకు నూరు గజాల లోపల పొగాకు అమ్మరాదని, పదునెనిమిదేండ్లు నిండనివారికి ఎక్కడా అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతుంది. బాలలకు మత్తు పదార్థాలు ఇచ్చినవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారశిక్ష పడవచ్చునని 2015 నాటి బాలల న్యాయచట్టంలో ఉన్నది. ఈ చట్టాలు అమలయ్యేలా చూడడం ఊరి పెద్దల పని. 14446 అన్న ఉచిత సహాయవాణి సంఖ్య ప్రతి ఇంట తెలిసి ఉండాలి. బిడ్డ జేబులో పొట్లం దొరికిన రోజున తల్లిదండ్రులు మొదట బెత్తం కోసం వెదకరాదు. పరువు పోతుందని దాచిపెట్టనూరాదు. బిడ్డను కూర్చోబెట్టి మాట వినాలి, వైద్యుని వద్దకు తీసికొనిపోవాలి. చికిత్స పొంది వచ్చినవానికి ఉపాధ్యాయుడు పాత పేరు అంటగట్టకుండా పాత చోటు ఇవ్వాలి.

పూర్వ విద్యార్థులకు ఒక్క విన్నపం. గ్రంథాలయంలో ఇట్టి పుస్తకాలకు ఒక అర ఏర్పాటు చేయడం మీకు కష్టం కాదు. అంతకంటె విలువైనది మరొకటి ఉన్నది. మన ఇళ్ళలో పలికే తెలుగులో, మన వీధుల పిల్లలు తమవని గుర్తుపట్టగల కథలు వ్రాయండి. బిడ్డకు తిట్లు తగిలేది తల్లిభాషలోనే గనుక, ఓదార్పు కూడా ఆ భాషలోనే అందాలి. పడినవాని కథ మనకు ఉన్నది. లేచి ఇంటికి వచ్చినవాని కథ మీరు వ్రాయవలసి ఉన్నది.