పూత నీటిలోని లోహము – కాలువ నీటి క్షేమము

(తాటిపాకలో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మచిలీపట్నము చేరువనున్న చిలకలపూడి బంగారుపూత నగల పేరు విననివారు మనలో అరుదు. రాగి లేక ఇత్తడి వస్తువును లోహ లవణములు కరిగిన తొట్టిలో ముంచి విద్యుత్తును ప్రసరింపజేసినచో దానిపై పలుచని లోహపు పొర ఏర్పడును. సైకిలు హ్యాండిలుకు, కుళాయికి వచ్చు తళతళ కూడ ఇట్టి నికెలు, క్రోమియముల పూతయే. ఈ వృత్తి అనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. అయితే, వస్తువును తొట్టి నుండి తీసి కడిగిన నీటితోనే చిక్కు వచ్చుచున్నది.

ఆ నీటిలో రాగి, నికెలు, క్రోమియము, ఒక్కొక్కప్పుడు సైనైడు కూడ నుండును. చెత్త కుళ్లి కొంతకాలమునకు మట్టిలో కలియును గాని లోహము కుళ్లదు. మన త్రాగునీటి ప్రమాణము ననుసరించి లీటరు నీటిలో క్రోమియము 0.05 మిల్లీగ్రామునకు, నికెలు 0.02 మిల్లీగ్రామునకు మించరాదు. అనగా ఒక్క గ్రాము క్రోమియము 20,000 లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. కోనసీమలో భూగర్భజలము నేలకు చేరువనే యుండును. ఒక ఊరి కాలువ వేరొక ఊరి చెరువునకు, కొబ్బరితోటకు పారును.

దీనికి విరుగుడు కలదు. మొదట సైనైడు నీటిని, క్రోమియము నీటిని వేరువేరు తొట్లలో పట్టవలెను. సైనైడు నీటికి ఆమ్లము తగిలినచో ప్రాణాంతకమగు విషవాయువు పుట్టును. కావున దానిని క్షారస్థితియందుంచి క్లోరినుతో నిర్విషము చేయుదురు. క్రోమియము నీటిని ఆమ్లస్థితిలో సోడియం బైసల్ఫైటుతో తక్కువ విషముగల రూపమునకు మార్చి, పిమ్మట సున్నము కలుపుదురు. అప్పుడు లోహము మడ్డిగా అడుగున పేరుకొనును. ఆ మడ్డిని పొలము గట్టున గాని, చెరువులో గాని పారవేయరాదు. అనుమతి పొందిన ప్రత్యేక స్థలమునకే పంపవలెను.

అంతకన్న మేలైనది లోహమును తిరిగి రాబట్టుట. వస్తువును వరుసగా రెండు మూడు తొట్లలో కడుగుచు, నీటిని ఎదురు దిశగా నడిపినచో నీరు చాలవరకు ఆదా యగును. మొదటి తొట్టిలో లోహము చిక్కబడును. ఆ నీటిలో మరల విద్యుత్తును ప్రసరింపజేసి రాగిని రేకుగా పట్టవచ్చును. రెజిను గుళికల గుండా పోనిచ్చి నికెలును వేరుచేయవచ్చును. పారబోసినచో విషమైనది, పట్టుకొన్నచో ధనమగును.

సభ్యులారా! నీటి కాలుష్య నివారణ చట్టము 1974లో వచ్చినది. పూత కర్మాగారము పెట్టదలచినవారు మీ వద్దకు వచ్చినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి యున్నదా? కడిగిన నీరు ఎచటికి పోవును? మడ్డిని ఎవరికి అప్పగింతురు? సమాధానములను వ్రాతమూలకముగా తీసికొని పంచాయతీ దస్త్రములో నుంచుడు. చాటుగా నీరు వదలుచున్నట్లు తెలిసినచో, దానిని తాకక, పశువులను దింపక, వెంటనే మండలి అధికారులకు తెలియజేయుడు. మీ ఊరి యువకులకు పనియు, దిగువ ఊరి వారికి మంచినీరును రెండును దక్కునట్లు చూచుట మీ చేతిలో నున్నది.